మన బడుల కథలు: మార్లవాయి బడి

పిల్లలూ! పాత బడి అనగానే మీ కళ్ళ ముందు ఏం కనిపిస్తుంది? రాతిగోడల భవనం, ఇత్తడి గంట, గోడ మీద హెడ్మాస్టర్ల పేర్లు వరసగా రాసిన పలక, విశాలమైన ఆటస్థలం. అవునా? ఇంగ్లండులో నగరాల శివార్లలో ఇటువంటి ఉన్నత పాఠశాలలు చాలా ఉన్నవి. కొన్ని వందల ఏళ్ళ నాటివి కూడా ఉన్నవి. వాటి చరిత్రలు పెద్ద పెద్ద పుస్తకాలుగా అచ్చయినవి.

ఈ నెల నేను చెప్పబోయే బడికి రాతిగోడలు లేవు, ఇత్తడి గంటా లేదు. అది అడవి మధ్య ఒక చిన్న గూడెంలో పుట్టింది. అయినా దాని కథ తెలుసుకోకుండా మన ఉత్తర తెలంగాణ బడుల కథ పూర్తి కాదు.

అయితే ముందు నా తప్పు ఒకటి మీకు చెప్పాలి. హెడ్మాస్టరు కూడా తప్పు చేస్తాడా అని నవ్వకండి. చేస్తాడు. అప్పటికి నేను హెడ్మాస్టరును కూడా కాదు. ట్రెయినింగు పూర్తిచేసి కొత్తగా కొలువులో చేరిన పంతులును. మాది కరీంనగరం వైపు. నన్ను గోదావరి దాటించి ఆదిలాబాదు జిల్లా కొండల్లో ఒక ఊరి బడికి వేశారు.

ఆ బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు సగం, గోండు పిల్లలు సగం. నాకు గోండీ ఒక్క ముక్క రాదు. ఒకనాడు రెండో తరగతికి లెక్కలు చెబుతున్నాను. వెనక వరసలో ఒక గోండు పిల్లవాడు కూచునేవాడు. బడిలో చేరి రెండు నెలలైనా వాడు నోరు విప్పి మాట్లాడింది లేదు. ఆ రోజు వాణ్ణి నిలబెట్టి, బొమ్మ చూపించి, "నాలుగు మేకలున్నవి. ఇంకో రెండు మేకలు వచ్చి కలిసినవి. మొత్తం ఎన్ని?" అని అడిగాను.

వాడు బొమ్మ కేసి చూశాడు. వేళ్ళు ముడిచి లెక్క పెట్టుకున్నాడు. మెల్లిగా, "సారుంగ్" అన్నాడు.

తరగతి అంతా గొల్లున నవ్వింది. వాడు నన్ను "సారూ" అని పిలుస్తున్నాడని నేను అనుకున్నాను. "సారూ అని పిలవటం కాదు, జవాబు చెప్పు!" అన్నాను.

వాడు మళ్ళీ, "సారుంగ్" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మూలకు పోయి నిలబడమన్నాను. వాడి పలక మీద పెద్ద సున్న చుట్టాను.

సాయంకాలం గంట కొట్టినాక అయిదో తరగతి చదివే ఒక గోండు పిల్ల నా దగ్గరికి వచ్చింది. దానికి రెండు భాషలూ వచ్చు. "సార్, వాడు సరిగ్గనే చెప్పిండు. మా మాటల సారుంగ్ అంటే ఆరు" అన్నది.

నాలుగూ రెండూ ఆరు! జవాబు తెలిసిన పిల్లవాడికి నేను సున్న వేశాను. తెలియనివాడు ఎవరంటారు, వాడా, నేనా?

మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజున నేనే వాళ్ళ గూడేనికి పోయాను. వాడు చెట్టు కింద మేకలు కాస్తున్నాడు. నన్ను చూసి పరుగెత్తబోయాడు. నేను దూరంగా ఒక రాయి మీద కూచుని, ఆ పిల్ల దగ్గర నేర్చుకున్న అంకెలతో వాడి మేకలను పైకి లెక్కపెట్టటం మొదలుపెట్టాను. "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్..." తరువాతి మాట సరిగా నోరు తిరగలేదు. వాడు ఆగాడు. కిసుక్కున నవ్వి, "సయ్యుంగ్!" అని దిద్దాడు. ఆ రోజు వాడు పంతులు, నేను విద్యార్థిని. వచ్చే సోమవారం వాడు పలక పట్టుకుని మళ్ళీ బడికి వచ్చాడు. ఆ పలక మీద నా సున్న లేదు. నేనే తుడిచి, కింద ఆరు అంకె వేసి ఇచ్చాను.

ఈ సంగతి విని, అక్కడ చాలా కాలంగా పనిచేస్తున్న ఒక పెద్ద పంతులుగారు, "నీకు ఇప్పుడు తెలిసిన సంగతి ఈ కొండల్లో 1943 లోనే కనిపెట్టారయ్యా. మార్లవాయి పేరు విన్నావా?" అన్నారు. నేను వినలేదు. అప్పుడు తెలుసుకున్న కథనే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మార్లవాయి ఈనాడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో, జైనూరు మండలంలో ఉన్నది. చుట్టూ టేకు అడవి, కొండలు. ఊరివాళ్ళు రాజ్‌గోండులు. వాళ్ళ పూర్వీకులు ఒకప్పుడు ఈ ప్రాంతాలను ఏలినవారు. గోదావరికి ఉత్తరాన చాందా దాకా గోండు రాజుల కోటలు ఇప్పటికీ ఉన్నవి. కాని నిజాం పాలన నాటికి గోండులు చాలా ఇబ్బందుల్లో పడ్డారు. తాతల నాటినుంచి దున్నుకుంటున్న నేల అడవి శాఖ హద్దుల్లోకి పోయింది. పశువులను మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. పైనుంచి వచ్చిన షావుకార్లు, పెత్తందార్లు మంచి మంచి భూములు కాజేశారు.

అంత సులభంగా ఎట్లా కాజేశారని మీరు అడగవచ్చు. కాగితంతో! అప్పటి హైదరాబాదు రాజ్యంలో సర్కారు కాగితాలు ఉర్దూలో ఉండేవి. గోండు రైతుకు ఉర్దూ రాదు. ఏ భాషలోనూ చదవటం రాదు. ఎవరో ఒక కాగితం తెచ్చి, "ఇది నీ శిస్తు రసీదు, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అంటే వేసేవాడు. ఆ కాగితం మీద భూమి అమ్మినట్టు రాసి ఉన్నా అతనికి తెలిసేది కాదు. వాన వచ్చి, నాగలి కట్టుకుని పొలానికి పోతే, అక్కడ వేరేవాడు నిలబడి ఉండేవాడు. చూశారా, పిల్లలూ! అక్షరం రాకపోతే పోయేది పరీక్షలో మార్కులు మాత్రమే కాదు, కాలికింద నేల కూడా.

ఈ బాధలు పడలేక కుమురం భీం నాయకత్వాన గోండులు ఎదురు తిరిగారు. 1940 లో జోడేఘాట్ కొండ దగ్గర పోలీసుల తుపాకులకు భీం, అతని అనుచరులు కొందరు ప్రాణాలిచ్చారు. తుపాకులతో తిరుగుబాటును అణచవచ్చు గాని దానికి కారణాన్ని అణచలేరు. అందుచేత ఆ కారణం తెలుసుకుని చెప్పమని నిజాం సర్కారు ఒక పండితుణ్ణి అడిగింది.

ఆయన పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఎంత పొడుగు పేరో! మన పత్రికలు కురచ చేసి హైమన్‌డార్ఫ్ అని రాస్తాయి. ఆయన 1909 లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో పుట్టాడు. మనుషుల ఆచార వ్యవహారాలను పరిశీలించే మానవశాస్త్రం ఆయన చదువు. 1939 లో ఆయన మన దేశంలో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పటికే ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకున్నది గనక, ఇంగ్లీషువారి లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. అయినా జైల్లో పెట్టకుండా, హైదరాబాదు రాజ్యం దాటిపోకుండా ఉండాలని చెప్పి వదిలేశారు. ఆయన ఆ అవకాశాన్ని వృథా పోనివ్వలేదు. భార్య బెట్టీతో కలిసి నల్లమల చెంచులను, గోదావరి కొండరెడ్లను పరిశీలించి, తరువాత గోండుల దగ్గరికి వచ్చాడు. మార్లవాయిలో గుడిసె వేసుకుని భార్యాభర్తలు ఊరివాళ్ళ మధ్య ఊరివాళ్ళలాగే ఉన్నారు. గోండీ నేర్చుకున్నారు.

గోండులకు రెండు కావాలని హైమన్‌డార్ఫ్ సర్కారుకు చెప్పాడు. ఒకటి భూమికి పట్టా. రెండోది ఆ పట్టాను తానే చదువుకోగల చదువు. పట్టా ఉండి చదువు లేకపోతే పట్టా నిలవదు. చదువు ఉండి భూమి లేకపోతే తిండి లేదు. రెండూ జోడెద్దుల వంటివి. ఒక ఎద్దుతో బండి కదలదు. ఆ తరువాతి ఏళ్ళలో ఆదిలాబాదు జిల్లాలో గిరిజనులకు లక్ష ఎకరాలకు పైబడి భూమి పట్టా అయింది.

ఇక చదువు సంగతి. 1943 లో మార్లవాయిలో ఒక శిక్షణ కేంద్రం తెరిచారు. దాని మొదటి విద్యార్థులు మీ వంటి పిల్లలు కారు. మీసాలు వచ్చిన పెద్దవాళ్ళు! ఎందుకంటారా? బడి పెట్టాలంటే పంతులు కావాలి. పట్నం పంతుళ్ళు కొండల్లో నిలవరు, నిలిచినా వాళ్ళకు గోండీ రాదు. నా సున్న కథ మీకు తెలుసు గదా! అందుచేత పంతుళ్ళను గోండుల్లోంచే తయారు చెయ్యాలని నిశ్చయించారు. కాని గోండుల్లో చదువు వచ్చినవాళ్ళు ఎక్కడున్నారు? వెతకగా వెతకగా మరాఠీ కొద్దికొద్దిగా కూడబలుక్కుని చదవగలవాళ్ళు కొందరు దొరికారు. మహారాష్ట్ర పక్కనే ఉన్నది గనక వాళ్ళకు ఆ పాటి అక్షరాలు అబ్బాయి. వాళ్ళను కూచోబెట్టి, చదువు బాగా నేర్పి, పాఠం ఎట్లా చెప్పాలో కూడా నేర్పారు.

వెంటనే మరో చిక్కు వచ్చింది. గోండీ మాట్లాడే భాష. దానిలో బడి పుస్తకాలు లేవు. అక్షరాలు నేర్చుకునే వాచకం ఒక్కటైనా లేదు. అందుచేత గోండీ వాచకాలు కొత్తగా తయారు చేశారు. ఏ లిపిలో రాయాలి? ఆ మొదటి పంతుళ్ళకు మరాఠీ వల్ల దేవనాగరి అక్షరాలు అప్పటికే వచ్చు. అందుచేత దేవనాగరిలో రాశారు. ఉన్నదానితో పని మొదలుపెట్టటమంటే ఇదే!

మార్లవాయిలో తయారైన పంతుళ్ళు చుట్టుపక్కల గూడేలకు పోయి బడులు పెట్టారు. పిల్లవాడు మొదట తన ఇంటి మాటలో చదవటం, రాయటం నేర్చుకునేవాడు. ఆ తరువాత మెట్టుగా బయటి ప్రపంచానికి కావలసిన భాషలు వచ్చేవి. పంతులు తన మనిషే గనక పిల్లలకు భయం లేదు. పంటకోతలు ఎప్పుడో, దండారి పండుగకు గుస్సాడీ ఆట ఎప్పుడో పంతులుకు తెలుసు. చదువుకున్నవారిలో కొందరు పంతుళ్ళు కాగా, మరికొందరు ఇతర సర్కారు కొలువుల్లో చేరారు. కాగితం చదవగల గోండును మోసం చెయ్యటం ఇదివరకంత సులభం కాలేదు.

ఈ పనిలో మన అధికారులూ ఉన్నారు. సేతుమాధవరావు పగడీ అనే ఆయన ఆదిలాబాదులో పనిచేస్తూ గోండీ నేర్చుకుని, గోండుల గురించి పుస్తకం రాశాడు. గోండీ భాషకు వ్యాకరణం కూడా రాశాడు. అధికారి అయినవాడు ప్రజల భాష నేర్చుకోవటం గొప్ప సంగతి కాదూ?

మీరు, "తాతయ్యా, ఎట్లాగూ తరువాత పెద్ద భాష నేర్చుకోవలసిందే గదా, మొదటినుంచీ అదే నేర్పితే పోదా?" అని అడగవచ్చు. మంచి ప్రశ్న. నిచ్చెనను తలుచుకోండి. దాని పై మెట్టు ఎంత ఎత్తునైనా ఉండవచ్చు. కింది కాళ్ళు మాత్రం నేల మీద ఆనాలి. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాషే ఆ నేల. ఆరు అనే అంకె వాడి బుర్రలో "సారుంగ్" అనే పేరుతో అప్పటికే ఉన్నది. దాన్ని గుర్తిస్తే, "సారుంగ్‌ను తెలుగులో ఆరు అంటారు" అని ఒక్క నిమిషంలో చెప్పవచ్చు. గుర్తించకపోతే వాడు తెలిసినవాడై కూడా తెలియనివాడుగా మూలన నిలబడతాడు.

ఈ బాధ గోండులకు మాత్రమే రాలేదు. మన కరీంనగరం పెద్దలు కూడా పడ్డారు. నిజాం కాలంలో పై చదువులు ఉర్దూలో సాగేవి. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో 1931 లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమంలోనే చదివి, తరువాత తెలుగులో మహాకవి అయి జ్ఞానపీఠం అందుకున్నారు. ఆయన వంటివాళ్ళు ఆ ఏటిని ఈది ఒడ్డెక్కారు. ఈదలేక మునిగినవాళ్ళ పేర్లు మనకు తెలియవు.

ఇంగ్లండు పక్కనే వేల్స్ అనే దేశం ఉన్నది. వాళ్ళ భాష వెల్ష్. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి కొన్ని బడుల్లో పిల్లవాడు వెల్ష్ మాట్లాడితే మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. ఆ తరువాత వెల్ష్ మాట్లాడుతూ దొరికిన పిల్లవాడి మెడకు అది మారేది. సాయంకాలానికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు! అదే వేల్స్‌లో, ఆబరిస్త్విత్ అనే ఊళ్ళో, 1939 లో ఏడుగురు పిల్లలతో వెల్ష్ భాషలో చెప్పే మొదటి ప్రాథమిక పాఠశాల తెరిచారు. ఈనాడు అటువంటి బడులు ఆ దేశంలో వందల్లో ఉన్నవి. ఇంగ్లండులో పిల్లలందరికీ ఉన్నత పాఠశాల చదువు ఉచితం చేసిన చట్టం 1944 లో వచ్చింది. ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి: ఆబరిస్త్విత్ 1939, మార్లవాయి 1943, ఇంగ్లండు చట్టం 1944. లోకమంతా యుద్ధంలో మండుతూ ఉండగా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, పిల్లల చదువు గురించి ఆలోచించినవాళ్ళు అక్కడా ఇక్కడా ఉన్నారు.

మార్లవాయి కథ తరువాత ఏమయింది? అన్నీ సుఖంగా సాగినవని చెబితే అబద్ధం చెప్పినట్టు. హైమన్‌డార్ఫ్ లండను విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా వెళ్ళాడు. 1948 లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956 లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బడుల సంఖ్య పెరిగింది, ఆశ్రమ పాఠశాలలు వచ్చినవి, అది మంచిదే. కాని చదువు తెలుగులో సాగింది, గోండీ వాచకాలు వాడుకలోంచి పోయినవి. అందుకే గదా, అన్నేళ్ళ తరువాత అక్కడికి పోయిన నాకు "సారుంగ్" అంటే ఏమిటో చెప్పే పుస్తకం ఒక్కటీ ఎదురు కాలేదు!

అదే 1956 లో మన రాజ్యాంగంలో 350-ఎ అనే అధికరణం చేర్చారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చెయ్యటానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతున్నది. మాట కాగితం మీద ఉన్నది. పని మెల్లిగా నడిచింది. 2004 లో గోండీ, కోలామీలతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతులకు పాఠాలు తయారు చేసి కొన్ని బడుల్లో చెప్పటం మొదలుపెట్టారు. 1943 నాటి ఆలోచన అరవై ఏళ్ళు తిరిగి మళ్ళీ తలుపు తట్టింది.

ఇంకొక వింత చెబుతాను. గోండీకి లిపి లేదని చాలాకాలం అందరూ అనుకున్నారు. కాని నార్నూరు మండలంలో గుంజాల అనే ఊళ్ళో గోండీ లిపిలో రాసిన పాత రాతప్రతులు దాచి ఉంచారు. ఈ శతాబ్దం మొదట్లో పండితులు వాటిని బయటి లోకానికి తెలియజేశారు. 2018 లో ఆ లిపికి కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లో స్థానం దొరికింది. మార్లవాయి పంతుళ్ళు అరువు అక్షరాలతో వాచకాలు రాస్తున్న రోజుల్లో, వాళ్ళ సొంత అక్షరాలు అవే కొండల్లో మూటగట్టి ఉన్నవన్నమాట!

1987 లో బెట్టీ హైదరాబాదులో చనిపోయింది. ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 లో లండనులో చనిపోయాడు. ఇప్పుడు మార్లవాయిలో ఇద్దరి సమాధులూ పక్కపక్కన ఉన్నవి. ఏటా జనవరి 11 న, బెట్టీ వర్ధంతినాడు, గోండులు అక్కడ చేరి తమ ఆచారం ప్రకారం వాళ్ళను తలుచుకుంటారు. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి!

బడి గుణం భవనంలో లేదు, పిల్లలూ. వెనక వరసలో కూచున్న పిల్లవాడు తన మాటలో జవాబు చెప్పినప్పుడు ఆ బడి ఏం చేస్తుందో అందులో ఉన్నది. నేను హెడ్మాస్టరునైన తరువాత, కొత్తగా వచ్చిన ప్రతి పంతులుకూ మొదటి రోజున నా సున్న కథ చెప్పేవాణ్ణి. ఇప్పుడు మీకూ చెప్పాను.

ఈ నెల పని: మీ తరగతిలో ఇంట్లో తెలుగు కాని భాష మాట్లాడేవాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. గోండీ, కోలామీ, లంబాడీ, ఉర్దూ, మరాఠీ, ఏదైనా సరే. ఒకటినుంచి ఆరుదాకా అంకెలు వాళ్ళ భాషలో అడిగి, పక్కన మీ అంకెలు రాయండి. గోండీకి నేనే చెబుతాను: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్. ఊరిని బట్టి పలకటం కొంచెం మారుతుంది. మన రెండు, మూడు, నాలుగులకు దగ్గరగా లేవూ? గోండీలో చేతిని "కయ్" అంటారు, కాలును "కాల్" అంటారు, నీళ్ళను "ఏర్" అంటారు. మన "ఏరు" గుర్తుకు రావటం లేదూ? తెలుగూ గోండీ ద్రావిడ కుటుంబంలో అక్కచెల్లెళ్ళు. ఉర్దూ, మరాఠీ అంకెలు అడిగితే, అవి వేరే కుటుంబమని మీకే తెలుస్తుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. అడిగేటప్పుడు నవ్వకండి. మీకు నోరు తిరగక వాళ్ళు నవ్వితే మాత్రం నవ్వనివ్వండి. ఆ రోజుకు వాళ్ళే పంతుళ్ళు!